సిక్లిడ్‌లు ఎన్ని వేయాలి? ముందు బకెట్లు లెక్కపెట్టండి, తర్వాత చేపలు ఎంచుకోండి

కొత్తగా ట్యాంక్ కొన్నవాళ్లు మొదట అడిగేది "ఇందులో ఎన్ని సిక్లిడ్‌లు పడతాయి" అని. సిక్లిడ్‌లు అంటే ఆస్కార్, ఏంజెల్, ఫ్లవర్‌హార్న్ లాంటివి ఉన్న చేపల కుటుంబం. నేను ముందు తిరిగి అడిగేది ఒకటే, వారం వారం ఎన్ని బకెట్ల నీళ్లు తీసి మళ్లీ పోయగలరు? మూడో అంతస్తులో ఉంటారా, నీళ్లు రోజుకి ఎంతసేపు వస్తాయి, బోరా కార్పొరేషన్ కుళాయా, ఊరెళ్తే చూసేవాళ్లు ఉన్నారా, ఇవన్నీ తేలితే ఏ చేప, ఎన్ని అన్నది దాదాపు తేలిపోయినట్టే. మనవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ముందు షాపులో రంగు చూసి చేప కొంటారు, తర్వాత దానికి ట్యాంక్, ఆ తర్వాత నీళ్లు పాడయ్యాక ఫిల్టర్. ఆ వరుసలో వెళ్తే డబ్బు పోతుంది, చేపలూ పోతాయి.

లీటర్ల లెక్క

షాపుల్లో ట్యాంకులు అడుగుల్లో అమ్ముతారు కాబట్టి ముందు లీటర్లలోకి మార్చుకోండి. ఒక ఘనపు అడుగు అంటే సుమారు 28.3 లీటర్లు. 2×1×1 ట్యాంక్ 57 లీటర్లు, 3×1.25×1.5 ట్యాంక్ 159, 4×1.5×1.5 ట్యాంక్ 255. ఇవి అంచుదాకా నింపితే వచ్చే లెక్కలు. పైన రెండంగుళాలు వదిలి, కింద ఇసుక, లోపల రాళ్లు తీసేస్తే నాలుగడుగుల దాంట్లో నిజంగా ఉండే నీళ్లు 200 లీటర్ల దగ్గర ఆగిపోతాయి, మూడడుగుల దాంట్లో 120, రెండడుగుల దాంట్లో 40 చిల్లర. మందు వేసినా, యాంటీ క్లోరిన్ (కుళాయి నీళ్లలో క్లోరిన్ పోగొట్టే ద్రవం) వేసినా ఈ అసలు లెక్కతోనే వేయాలి.

ఇక సగం నీళ్లు మార్చాలంటే, బాత్రూమ్ బకెట్ 20 లీటర్లది అనుకుంటే, రెండడుగులకి ఒక బకెట్, మూడడుగులకి మూడు, నాలుగడుగులకి ఐదు. ఐదు బయటికి, ఐదు లోపలికి. ప్రతి ఆదివారం. ఇది మీకు పర్వాలేదు అనిపిస్తేనే నాలుగడుగుల నిండా చేపల గురించి ఆలోచించండి.

అంగుళాల సూత్రం ఇక్కడ పనిచేయదు

"గాలన్‌కి ఒక అంగుళం చేప" (గాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు) అనే లెక్క ఎక్కడ చూసినా కనిపిస్తుంది. నియాన్ టెట్రాల్లాంటి సన్న చేపలకి అది కాస్త సరిపోతుందేమో గానీ సిక్లిడ్‌లకి అస్సలు వద్దు. చేప పొడవు రెట్టింపయితే బరువు రెట్టింపు కాదు, సుమారు ఎనిమిదింతలవుతుంది, ఎందుకంటే ఎత్తు, మందం కూడా పెరుగుతాయి. పది సెంటీమీటర్ల ఎంబూనా (ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్) పక్కన 30 సెంటీమీటర్ల ఆస్కార్‌ని పెట్టి చూడండి. పొడవు మూడింతలే, ఒళ్లు మాత్రం సుమారు 27 ఇంతలు. అంటే నాలుగడుగుల ట్యాంక్‌లో ఒకే ఒక్క ఆస్కార్ ఉంటే "ఖాళీగా ఉంది, ఇంకో రెండు వేద్దాం" అనిపిస్తుంది గానీ, నీళ్ల పరంగా చూస్తే ఆ ట్యాంక్ అప్పటికే నిండిపోయింది.

షాపులో రెండంగుళాల ఆస్కార్ పిల్లని చూపించి "ట్యాంక్ సైజుని బట్టే పెరుగుతుంది సార్" అంటారు. ఇది నమ్మకండి. చిన్న ట్యాంక్‌లో చేప ఎదుగుదల దెబ్బతింటుందే తప్ప ఆరోగ్యంగా చిన్నగా ఉండిపోదు. సరిగ్గా చూసుకుంటే ఆస్కార్ పదేళ్లకి పైగా బతుకుతుంది, ఏడాది తిరిగేసరికే జానెడు దాటుతుంది.

ఏ ట్యాంక్‌కి ఏ చేప

రెండడుగుల ట్యాంకే ఉంటే చాలా వాటికి వద్దు అనే చెప్పాలి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, బ్లడ్ ప్యారెట్, మిక్స్‌డ్ ఆఫ్రికన్ (రకరకాల ఆఫ్రికా సిక్లిడ్‌ల కలగలుపు), ఏదీ వద్దు. అందులో హాయిగా బతికే సిక్లిడ్ అంటే టాంగన్యీకా సరస్సు నుంచి వచ్చిన షెల్ డ్వెల్లర్లు, ముఖ్యంగా మల్టీఫాసియాటస్. ఐదు సెంటీమీటర్లు కూడా దాటని చేప, ఖాళీ నత్త గుల్లల్లో కాపురం, ఇసుకని నోటితో తోడి గుల్లని సగం పూడ్చుకోవడం, పిల్లలు పుడితే కుటుంబమంతా అక్కడే ఉండటం, చూస్తూ కూర్చుంటే గంట గడిచిపోతుంది. మన చెరువు నత్తల ఖాళీ గుల్లలు ఉడకబెట్టి, బాగా కడిగి వేస్తే సరిపోతుంది. ఒక్కో చేపకి ఒకటి కన్నా ఎక్కువ గుల్లలే ఉండాలి, లేకపోతే వాటి కోసం కొట్టుకుంటాయి. ఈ చేప మన దగ్గర అన్ని షాపుల్లో ఉండదు, చెప్పి తెప్పించుకోవాలి. అయినా 40 లీటర్ల నీళ్లలో ఏదో పెద్ద చేపని హింసపెట్టడం కన్నా ఓ నెల ఆగి దీన్ని తెచ్చుకోవడం నయం. రామ్ సిక్లిడ్ జంట కూడా ఆ ట్యాంక్‌లో పడుతుంది, మన వేడి కూడా దానికి నచ్చుతుంది, కానీ మెత్తటి (ఖనిజాలు తక్కువున్న), కాస్త ఆమ్లం వైపున్న నీళ్లు కావాలి, కొత్తగా పెట్టిన ట్యాంక్‌లో వేస్తే నిలవదు. మొదటి చేపగా తీసుకోవద్దు.

మూడడుగులు ఉంటే ఎంపిక బాగుంటుంది. నా మొదటి ఓటు ఆరెంజ్ క్రోమైడ్‌కి. ఇది మన దక్షిణ భారతానికి, శ్రీలంకకి చెందిన చేప, కేరళవాళ్ల కరిమీన్‌కి దగ్గర చుట్టం, ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఉప్పునీరు మంచినీరు కలిసే చోట్ల పెరిగే జాతి కాబట్టి కాస్త గట్టి నీళ్లని, కొద్దిగా ఉప్పదనాన్ని తట్టుకుంటుంది. సముద్రం పక్క బోరు నీళ్లున్న ఇళ్లకి ఇది సరిగ్గా కుదురుతుంది. ఆరు వేసుకోండి, అంతకి మించొద్దు. అదే మూడడుగుల్లో ఒకటే జాతిగా ఆరేడు ఎల్లో ల్యాబ్‌లు పెట్టుకోవచ్చు, ఆఫ్రికన్లలో గొడవ తక్కువ చేసేవి అవే. ఏంజెల్ కావాలంటే ట్యాంక్ ఎత్తు కనీసం 18 అంగుళాలు చూసుకోండి, నాలుగు చాలు. కాన్విక్ట్ జంట మాత్రం బాగా ఆలోచించి వేయండి. అవి ఒక్కసారి పెడితే వందకి పైగా పిల్లలు, నెల తిరిగేసరికి మళ్లీ పెడతాయి. మీరు ఒక్క చేప కూడా కొనకుండానే ట్యాంక్ కిక్కిరిసిపోతుంది.

నాలుగడుగుల దగ్గరే అసలు తకరారు. ఒక ఆస్కారా, ఒక ఫ్లవర్‌హార్నా, ఇరవై ఎంబూనాలా?

ఆస్కార్ మనిషిని గుర్తుపడుతుంది, చేతి దగ్గరికి వస్తుంది, అందుకే ఇంట్లో అందరికీ నచ్చుతుంది. కానీ బాగా తింటుంది, దానికి తగ్గట్టే మురికి చేస్తుంది, తిండి నమిలి మొప్పల్లోంచి పొడి చేసి వదులుతుంది. ఒకటికి నాలుగడుగులు సరిపోతుంది, రెండు కావాలంటే ఆరడుగుల వైపు చూడండి. ఫ్లవర్‌హార్న్ 1990ల్లో మలేసియాలో సంకరం చేసి పుట్టించిన రకం, ట్యాంక్‌కి ఒక్కటే, తోడు ఎవరూ వద్దు, సక్కర్ ఫిష్ కూడా వద్దు. ఒంటరి చేప, ఒకటే ప్లేట్ తిండి, మురికి ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. రోజూ ఆఫీసుకి పోయి రాత్రికి ఇంటికి చేరేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

ఎంబూనా దారి వేరు. మలావి సరస్సు రాళ్ల మధ్య బతికే ఈ చేపలని కావాలనే కాస్త ఎక్కువ వేస్తారు. నాలుగే వేస్తే బలమైన మగది మిగతా మూడింటినీ ఒక్కొక్కటిగా చంపేదాకా వదలదు. పద్దెనిమిదో ఇరవయ్యో ఉంటే అది ఎవరి వెంట పడాలో తేల్చుకోలేదు, కోపం అందరి మీదా పంచబడుతుంది. కిక్కిరిసిన ట్యాంక్‌ల ఫొటోలు చూసి "సిక్లిడ్‌లని ఎన్ని వేసినా పర్లేదు" అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడుతున్నారు. ఆ పద్ధతి ఎంబూనాకి మాత్రమే, అదీ వారానికి సగం నీళ్లు మార్చేవాళ్లకి మాత్రమే, గంటకి ట్యాంక్ నీళ్లన్నీ ఆరేడు సార్లు తిప్పే ఫిల్టర్ ఉన్నవాళ్లకి మాత్రమే. ఆస్కార్లకీ, ఏంజెల్‌లకీ, క్రోమైడ్‌లకీ ఆ లెక్క వర్తించదు.

ఎంబూనా వేసేటట్టయితే ఒక మగదానికి కనీసం మూడు ఆడవి ఉండేలా చూసుకోండి, రాళ్లు గోడలా పేర్చి ఒకదానికొకటి కనబడకుండా దాక్కునే సందులు వదలండి, అన్నీ చిన్నప్పుడే ఒకేసారి వేయండి. కొత్త ట్యాంక్‌లో వద్దు, ముందు చేపలు లేకుండానే ఫిల్టర్‌లో మురికిని విరగ్గొట్టే బాక్టీరియా నిలబడాలి. పాచి తినే చేపలు ఇవి, ఎండు బ్లడ్‌వార్మ్‌లు రోజూ పెడితే కడుపు ఉబ్బి చనిపోవచ్చు. మిక్స్‌డ్ ఆఫ్రికన్ అని కవర్‌లో పోసి అమ్మేవి కొనొద్దు. అందులో ఆరాటస్ లాంటి రౌడీ జాతి ఒక్కటి ఉన్నా చాలు, పైగా జాతులు కలిసి పుట్టిన పిల్లలని తర్వాత ఎవరూ తీసుకోరు. ఆడ ఎంబూనా గుడ్లని నోట్లో పెట్టుకుని మూడు వారాలు మోస్తుంది, ఆ పిల్లలన్నిటినీ విడిగా తీసి పెంచాలని ఆశపడకండి.

మీ ఇంటికి ఏ నీళ్లు వస్తాయి

విశాఖలో ఈ ప్రశ్నకి ఒక్కో వీధికి ఒక్కో జవాబు. మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి, ఏలేరు కాలువ లాంటి చోట్ల నుంచి వచ్చే కార్పొరేషన్ నీళ్లు క్లోరిన్ కలిపి వస్తాయి, రిజర్వాయర్ నీళ్లు కాబట్టి సాధారణంగా బోరు కన్నా మెత్తగా ఉంటాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న చోట బోరు నీళ్లు గట్టిగా, కొన్ని చోట్ల ఉప్పగా ఉంటాయి. అపార్ట్‌మెంట్‌లలో ఈ రెండూ సంప్‌లో కలిసిపోతాయి. అందుకే చేప కొనే ముందు పీహెచ్ (నీళ్లు ఆమ్లం వైపా, క్షారం వైపా అన్న కొలత), గట్టిదనం చూసే లిక్విడ్ టెస్ట్ కిట్ కొనండి. బోరు నీళ్లు గట్టిగా ఉండి ఉప్పగా లేకపోతే ఎంబూనాకి బంగారం. కార్పొరేషన్ నీళ్లు మెత్తగా ఉంటే ఏంజెల్, ఆస్కార్. ఆర్ఓ నీళ్లు మాత్రమే పోసి ఎంబూనా పెంచుతామంటే వద్దు, అందులో పీహెచ్‌ని నిలబెట్టే ఖనిజాలే ఉండవు.

ఇంకో మాట, అపార్ట్‌మెంట్ సంప్, మేడ మీద ట్యాంక్ కడిగిన రోజు బ్లీచింగ్ పౌడర్ వేస్తారు. ఆ రోజూ మర్నాడూ నీళ్లు మార్చొద్దు. వాచ్‌మన్‌కి ఒక మాట చెప్పి పెట్టుకోండి, "కడిగే ముందు రోజు చెప్పన్నా" అంటే చాలు.

ఎక్కువ చేపలు వేసినప్పుడు గట్టి నీళ్లకీ మెత్తటి నీళ్లకీ ప్రమాదం ఒకేలా ఉండదు. చేప తిన్న ప్రోటీన్‌లో సుమారు ఆరో వంతు నైట్రోజనే, అందులో చాలా భాగం మొప్పల్లోంచి అమ్మోనియాగా బయటికొస్తుంది. అమ్మోనియా చూసే కిట్‌లో కనబడేది మొత్తం అమ్మోనియా. అందులో నిజంగా విషమయ్యే భాగం పీహెచ్‌తోనూ వేడితోనూ పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే ఆ భాగం ఒక శాతం కూడా ఉండదు, పీహెచ్ 8 అయితే ఏడు శాతం దాటుతుంది. ఏంజెల్ ట్యాంక్ నీళ్లకి ఆ కిట్ ట్యూబ్ లేత పచ్చగా మారితే (అంటే అమ్మోనియా ఉంది) "రేపు మారుద్దాం" అనొచ్చేమో, ఎంబూనా ట్యాంక్‌లో అదే పచ్చ కనబడితే ఆ సాయంత్రమే బకెట్ పట్టుకోవాలి.

మెత్తటి నీళ్లలో గండం ఇంకోలా వస్తుంది. బాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే ప్రతిసారీ నీళ్లలోని క్షారాన్ని కొంచెం తినేస్తుంది. చేపలు ఎక్కువ, నీళ్లు మార్చడం తక్కువ అయితే నెలల తరబడి పీహెచ్ జారుతూ 6.5 కిందికి పోతుంది, అక్కడ బాక్టీరియా పని బాగా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది కానీ తక్కువ పీహెచ్ వల్ల వెంటనే చంపదు. ఇది తెలియక ఒకరోజు బుద్ధిగా సగం నీళ్లు మార్చి కొత్త నీళ్లు పోయగానే పీహెచ్ ఎగిరి, పేరుకున్నదంతా విషంగా మారి, సాయంత్రానికి చేపలు పోతాయి. అందుకే చాలాకాలం వదిలేసిన ట్యాంక్‌ని రోజుకి పదో పదిహేనో శాతం చొప్పున నెమ్మదిగా దారిలోకి తేవాలి.

పెద్ద ఫిల్టరా, ఎక్కువ బకెట్లా

చాలామంది డబ్బు ఖర్చు పెట్టేది ఫిల్టర్ మీద. కానిస్టర్ (ట్యాంక్ బయట పెట్టే డబ్బా ఫిల్టర్) తెచ్చాను కదా, ఇంకో పది చేపలు వేయొచ్చు అనుకుంటారు. ఫిల్టర్ చేసేది అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చడం, మురికిని ఓ చోట పట్టి ఉంచడం. నైట్రేట్ నీళ్లలోనే ఉంటుంది, పట్టిన మురికి కూడా మీరు కడిగేదాకా అదే నీళ్లలో నానుతూ ఉంటుంది. ఇల్లు ఊడ్చి చెత్తని తలుపు వెనక పెట్టినట్టే అది.

లెక్క చూడండి. మీ చేపల వల్ల వారానికి నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకి 20 మిల్లీగ్రాములు) పెరుగుతుంది అనుకుందాం. కుళాయి నీళ్లలో నైట్రేట్ లేదనుకుంటే, వారానికి పాతిక శాతం మారిస్తే కొన్నాళ్లకి అది నీళ్లు మార్చే ముందు 80 దగ్గర నిలబడుతుంది, మార్చాక కూడా 60 ఉంటుంది. సగం మారిస్తే మార్చే ముందు 40, మార్చాక 20. ఫిల్టర్ ఎంత పెద్దదైనా ఈ అంకెలు మారవు. చేపలు సగానికి తగ్గిస్తే మాత్రం మారతాయి, అన్నీ సగమవుతాయి. మార్చే ముందు 40 దాటనివ్వకపోవడం మంచి హద్దు.

అలాగని ఫిల్టర్ అక్కర్లేదని కాదు. రెండడుగులకి ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు, పిల్లలని లోపలికి లాగదు, కరెంటు కూడా తక్కువ. మూడడుగులకి నేను టాప్ ఫిల్టర్ వైపే మొగ్గుతాను, మూత తీసి దూది మార్చడం రెండు నిమిషాల పని, నీళ్లు పైనుంచి పడటం వల్ల గాలి కూడా బాగా కలుస్తుంది. నాలుగడుగుల ఎంబూనాకి కానిస్టర్ ఒకటి, దానికి తోడు ఎప్పుడూ నడిచే స్పాంజ్ ఒకటి. డబ్బా మీద రాసిన గంటకి ఇన్ని లీటర్లు అన్నది ఖాళీ డబ్బాకి వర్తించే అంకె, లోపల బాక్టీరియా పట్టే రింగులు, స్పాంజ్ పెట్టాక అంత రాదు. కడిగేటప్పుడు కుళాయి కింద పెట్టొద్దు, ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే పిండండి, లేకపోతే క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చి మళ్లీ మొదటికొస్తుంది.

మొక్కలతో నైట్రేట్ తగ్గించాలంటే ట్యాంక్ లోపల నాటితే సిక్లిడ్‌లు పీకి పారేస్తాయి. మనీ ప్లాంట్ తీగల వేళ్లు మాత్రం టాప్ ఫిల్టర్ పెట్టెలోకి వేలాడదీయండి, ఆకులు బయట గోడ మీద పాకనివ్వండి. కొంత పీల్చుకుంటుంది, బకెట్‌కి బదులు మాత్రం కాదు.

మే నెల, కరెంటు

మన ఊళ్లో వేసవిలో గదిలో ఉన్న నీళ్లు 30 డిగ్రీలు దాటేస్తాయి. నీళ్లు పట్టుకోగల ఆక్సిజన్ 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9.1 మిల్లీగ్రాములు, 30 దగ్గర 7.5. చేపకి మాత్రం వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. పొడి ఊళ్లలో ట్యాంక్ మీద ఫ్యాన్ పెడితే బాగా చల్లబడుతుంది, మనకి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్యాన్‌తో పెద్దగా తగ్గదు. అందుకని జనవరిలో హాయిగా ఉన్న ఇరవై చేపలు మేలో ఎక్కువైపోవచ్చు. తెల్లవారుజామున లైట్ వేయకుండా ఒకసారి చూడండి. అన్నీ పైకొచ్చి, మొప్పలు గబగబా కొట్టుకుంటూ, నోరు నీటి అంచున ఆనిస్తుంటే ఆ ట్యాంక్‌లో చేపలు ఎక్కువే, పగలు ఎంత బాగా కనబడినా సరే. చేపల సంఖ్య ఎప్పుడూ మే నెలని చూసే పెట్టుకోవాలి.

కరెంటు కూడా అంతే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్దది రాకపోయినా గాలివానకి కొన్ని గంటలు పోవడం మామూలే. తక్కువ చేపలున్న ట్యాంక్ ఆ గంటలు నెట్టుకొస్తుంది, కిక్కిరిసినది నెట్టుకురాదు. చిన్న ఎయిర్ పంప్‌ని ఇన్వర్టర్ లైన్‌కి పెట్టించండి, ఐదారు వాట్లకి మించదు. కరెంటు లేనంతసేపు తిండి వేయొద్దు. కానిస్టర్ చాలా గంటలు ఆగిపోయి ఉంటే కరెంటు రాగానే ఆన్ చేయకుండా, ముందు అందులోని కుళ్లిన నీళ్లు పారబోసి, రింగులు ట్యాంక్ నీళ్లతో ఒకసారి తొలిచి అప్పుడు పెట్టండి.

ఇప్పటికే ఎక్కువైపోతే

ఎంబూనా ట్యాంక్‌లో పైమూలన, ఫిల్టర్ పైపు వెనకాల, తోక చిరిగి కదలకుండా నిలబడ్డ చేప ఒకటి ఉంటుంది. దాన్ని ఈరోజే తీసి వేరే చోట పెట్టండి, అక్కడుంటే రెండు మూడు రోజులకి మించి బతకదు. తర్వాత రెండు రోజులు తిండి ఆపండి, పెద్ద సిక్లిడ్‌లకి ఏమీ కాదు. పీహెచ్ చూడండి, ట్యాంక్‌దీ కుళాయిదీ దగ్గరగా ఉంటే యాంటీ క్లోరిన్ వేసి సగం మార్చండి, తేడా ఎక్కువుంటే కొంచెం కొంచెంగా. గాలి పెంచండి. ఆ తర్వాతే మిగతా నిర్ణయం.

పెద్ద ట్యాంక్ కొనాలా, పెద్ద ఫిల్టర్ కొనాలా, చేపలు ఇచ్చేయాలా అని అడిగితే, ఒకే జాతి ఎక్కువై ఉంటే ఇచ్చేయండి. ఆస్కార్ పెరిగిపోయి తిరగలేకపోతుంటే పెద్ద ట్యాంక్ కొనండి, కానీ ఆరడుగుల ట్యాంక్ నీళ్లూ గాజూ రాళ్లూ కలిపి అర టన్ను దాటుతుంది కాబట్టి స్టాండు, గచ్చు చూసుకుని గోడ పక్కన పెట్టుకోండి. ఫిల్టర్ మాత్రమే కొనడం అన్నది అమ్మోనియా, నైట్రైట్ కనబడుతున్నప్పుడే పనికొచ్చే దారి. ఆ రెండూ సున్నా ఉండి నైట్రేట్ మాత్రమే ఎక్కువుంటే ఆ డబ్బు దండగ.

ఇచ్చేసేటప్పుడు కొన్న షాపువాళ్లనే అడగండి. ఆరోగ్యంగా ఉంటే చాలామంది తిండికో మందుకో బదులుగా తీసుకుంటారు, లేకపోతే పెద్ద ట్యాంక్ ఉన్న తెలిసినవాళ్లకి ఇవ్వండి. ముడసర్లోవ రిజర్వాయర్‌లోనో, గెడ్డలోనో, ఊరి చెరువులోనో వదలొద్దు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా సిక్లిడ్ జాతే, ఇప్పుడు అది లేని చెరువు వెతుక్కోవాలి. అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ ఫిష్ వలలు చింపేస్తుంటే జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. తీసుకునేవాళ్లు దొరికేదాకా పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో స్పాంజ్ ఫిల్టర్ పెట్టి, మీద వల కట్టి ఉంచండి, రెండు రోజులకోసారి ఒక బకెట్ మారిస్తే నెల రోజులైనా ఉంటాయి.